గడ్డి మందుకు నా పూచీ

మా ఆఫీసులో నాకొక పేరుంది. నా ఎదురుగా ఎవరూ అనరు గానీ, టీ తాగే చోట అంటారని నాకు తెలుసు. కొర్రీల మేడమ్. కింది ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా దాని మీద ఏదో ఒక తప్పు పట్టి, కొర్రీ వేసి వెనక్కి పంపకపోతే నాకు అన్నం సహించదని వాళ్ళ నమ్మకం. తేదీ లేదని ఒకటి, సంతకం కింద హోదా రాయలేదని ఒకటి, జతపరిచామన్న కాగితం జతపరచలేదని ఇంకొకటి. నేను కొర్రీ వేయకుండా వదిలిన కాగితం మా పెళ్ళి శుభలేఖ ఒక్కటేనని మా ఆయన అంటాడు. అందులో కూడా ముహూర్తం పక్కన వారం తప్పు పడింది. ఆ సంగతి నేను పెళ్ళయిన నెలకు కనిపెట్టి ఆయనకు చూపించాను. పాపం మరిచిపోయినట్టున్నాడు.

నేను పనిచేసేది వ్యవసాయ శాఖలో, పురుగు మందులూ కలుపు మందుల వ్యవహారాలు చూసే సెక్షన్‌లో. సూపరింటెండెంటుని. ఇన్నేళ్ళలో ఒక్క పొలం గట్టు ఎక్కలేదు, ఒక్క మందు సీసా మూత తీయలేదు. మా దగ్గరకు వచ్చేవన్నీ కాగితాలే. అయినా చుట్టాల పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం ఉద్యోగమని అడిగితే, దేశంలో వాడే మందులు క్షేమమా కాదా అని పరిశీలించే పని అని చెప్పేదాన్ని. అలా చెప్పినప్పుడు నా మెడ కొద్దిగా పొడవయ్యేదని మా ఆయన అంటాడు.

ఆ పరిశీలన ఎలా జరుగుతుందో చెబుతాను. ఏదో ఒక కలుపు మందు మీద ఎక్కడో గొడవ మొదలవుతుంది. ఫలానా దేశంలో ఆపేశారని పేపర్లో పడుతుంది, లేదా ఎవరో కోర్టుకెక్కుతారు. అప్పుడు ఢిల్లీలో నిపుణులతో ఒక కమిటీ వేస్తారు. మందుకు అనుమతి ఇవ్వాలన్నా తీసేయాలన్నా ఢిల్లీ వాళ్ళే, కొద్దికాలం ఆపి ఉంచే అధికారం మాత్రం రాష్ట్రాలకుంది. ఆ కమిటీ కంపెనీల నుంచి పరీక్షల కాగితాలు తెప్పించుకుంటుంది. ఎలుకల మీద చేసినవి, చేపల మీద చేసినవి, తేనెటీగల మీద చేసినవి. వాటితో పాటు, పొలాల్లో వాడుతున్నప్పుడు మనుషులకు గానీ పశువులకు గానీ ఏమైనా అయిందా చెప్పమని రాష్ట్రాలకు ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరం తిరిగి తిరిగి మా సెక్షన్‌కు వస్తుంది. మేము దానికొక ఫారం తగిలించి జిల్లాలకు పంపుతాం, వాళ్ళు మండలాలకు పంపుతారు. గడువు దాటిపోయి, నేను ఫోన్లో నాలుగు కేకలు వేశాక జవాబులు వస్తాయి. జవాబంటే ఒకటే మాట. నిల్.

ఆ నిల్‌లన్నింటినీ చేర్చి నేనొక పట్టిక తయారు చేస్తాను. నిల్‌లు కూడటానికి పెద్ద చదువు అక్కరలేదు, నిజమే. కానీ నా పట్టికంత పొందిగ్గా ఎవరి పట్టికా ఉండదని మా జాయింట్ డైరెక్టర్ గారు నలుగురిలో అన్నారు. ఆ పట్టిక ఢిల్లీ వెళుతుంది. అక్కడ కమిటీ వారు దాన్ని చూసి, రాష్ట్రం నుంచి హాని జరిగినట్టు సమాచారం లేదు అని రాసుకుంటారు. మందు అనుమతి ఇంకొంతకాలం నడుస్తుంది. మరీ అయితే లేబుల్ మీద ఇంకో హెచ్చరిక చేరుతుంది. చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ఆ హెచ్చరిక తెలుగులో సరిగా ఉందో లేదో భూతద్దం పెట్టి చూసేది కూడా నేనే.

అన్ని మండలాల నుంచీ నిల్ ఎందుకొస్తుందయ్యా అంటే, ఆ ఘనత నాదే. నేను ఈ సెక్షన్‌కు వచ్చిన కొత్తలో ఇలా ఉండేది కాదు. మందు కొట్టిన మనిషికి చేతులు బొబ్బలెక్కాయనీ, గట్టు మీద మేసిన మేక చచ్చిపోయిందనీ అరకాగితాల మీద రాసి పంపేవాళ్ళు. తలా తోకా ఉండేది కాదు. ఫైలు సంతలా ఉందని నాకు ఒళ్ళు మండింది. కూర్చుని ఒక ఫారం తయారు చేశాను. మందు పేరు, బ్యాచ్ నంబరు, కొన్న రసీదు, ఎంత మోతాదు, ఏ పంట, ఎంత విస్తీర్ణం, డాక్టరు సర్టిఫికెట్. ఒక్క గడి ఖాళీగా ఉన్నా కొర్రీ వేసి వాపసు. రెండేళ్ళు తిరక్కముందే బొబ్బలూ మేకలూ మా ఆఫీసుకు రావడం మానేశాయి. ఫైలు అద్దంలా తయారైంది. ఆగస్టు పదిహేనున నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని ఫ్రేము కట్టించి ఇంట్లో హాల్లో తగిలించాను.

హాలంటే ఏదో అనుకునేరు. పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో బర్రెల కొట్టం మీద ఉన్న అద్దె వాటా మాది. మేము కోస్తా నుంచి వచ్చిన వాళ్ళం. మా ఆయన నయాపూల్ దగ్గర కోర్టులో గుమాస్తా. నడిచి వెళ్ళి రావచ్చని, ఒక్క ఏడాదికని ఈ ఇంట్లో దిగాం. పదిహేడేళ్ళయింది. సైదాబాద్‌లో ఫ్లాట్లు కొనుక్కున్న మా వాళ్ళు, ఆ పేడ వాసనలో ఎలా ఉంటున్నావే తల్లీ అని అడుగుతుంటారు. నేను ఏదో పెద్ద త్యాగం చేస్తున్న దానిలా ఒక నవ్వు నవ్వుతాను. అసలు సంగతి వేరు. ఆ ఇంట్లో నాకు దొరికే మర్యాద ఇంకెక్కడా దొరకదు.

ఇంటివాళ్ళది తాతల నాటి నుంచీ పాల వ్యాపారం. ఇంటికి పెద్ద ఒక ముసలావిడ. నేను పెద్దమ్మా అంటాను, ఆవిడ నన్ను బిడ్డా అంటుంది. భర్త పోయాక నాలుగు బర్రెలతో సంసారం ఈడ్చుకొచ్చిన మనిషి. కొడుకు తెల్లారకముందే క్యాన్లు బండికి కట్టుకుని వెళ్ళిపోతాడు, కొట్టం పనంతా ఆవిడా కోడలూ చేసుకుంటారు. కోడలు ఇంటర్ దాకా చదివింది. పది మాటలకు ఒక మాట జవాబిస్తుంది. ఇక పెద్దమ్మ వీధిలో ఎవరు కనిపించినా, మా మీది వాటా మేడం గవర్నమెంటులో మందులు పాస్ చేస్తదని చెప్పేది. నేను చేసేది నిల్‌లు కూడటమని ఒక్కసారైనా సరిదిద్దానా అంటే, లేదు. నా మొహానికి అంత నిజాయితీ ఎక్కడిది.

పోయిన వానాకాలం సంగతి. పెద్దమ్మ బర్రెల్లో మూడు అప్పటికి పాలు తగ్గి, ఇవాళో రేపో వట్టిపోయేలా ఉన్నాయి. ఆశంతా నాలుగో దాని మీద. అది చూడితో ఉంది, దసరా ముందు ఈనాలి. అది ఈనితేనే వాడిక ఇళ్ళకు పాలు పోయగలిగేది, లేకపోతే ఆ ఇళ్ళవాళ్ళు వేరే చోట పాలు పోయించుకుంటారు. పెద్దమ్మ దాన్ని కంటికి రెప్పలా చూసుకునేది. పొద్దున లేవగానే దేవుడి పటం కంటే ముందు దాని కడుపు మీద చెయ్యి పెట్టి చూసేది. రోజూ మూసీ ఒడ్డు నుంచి ఆటోలో పచ్చగడ్డి కట్టలు వచ్చేవి. అందులో మెత్తటి కట్ట ముందు దానికే.

మా ఇంటి వెనక ఒక పాత దేవిడీ, పాడుబడ్డ పెద్ద బంగళా, ఉంది. ఒకప్పుడు ఎవరో పెద్ద నవాబు బంధువులదట. వారసుల మధ్య కేసు మా ఆయన పనిచేసే కోర్టులోనే నడుస్తోంది, నడుస్తూనే ఉంది. గోడ మా వైపు కూలిపోయింది. ఏటా వానలు పడగానే లోపల వయ్యారిభామా గడ్డీ కలిసి నడుము లోతు పెరిగేవి. పెద్దమ్మ ఎవరినో పిలిచి కొడవలితో కోయించేది. ఆ ఏడు ఆ మనిషి రాలేదు. ఈలోగా ఒక పొద్దున మా మెట్ల మీద పాము కనిపించింది. చిన్నదే. నేను పెట్టిన కేకకు అదే భయపడి పోయింది గానీ, ఆ రోజు నుంచి నేను కాలు కింద పెట్టాలంటే చీపురుతో మెట్లు కొట్టుకుంటూ దిగేదాన్ని.

కోసే మనిషి కోసం ఇంకా వెతుకుతున్నారని తెలిసి నాకు నవ్వొచ్చింది. ఇంట్లో నేనుండగా కొడవలి ఎందుకన్నాను. ఈ ఒక్క మాటతో ఆగి ఉంటే బాగుండేది.

ఆఫీసు నుంచి వస్తూ విత్తనాల దుకాణానికి వెళ్ళి గడ్డి మందు అడిగాను. దుకాణం ఆయన లీటరు సీసా చూపించాడు. ఇంత ఎందుకు, జానెడు దేవిడీకి అన్నాను. ఆయన ఏమాత్రం విసుక్కోకుండా, మంచినీళ్ళ ఖాళీ సీసా ఒకటి తీసి, డబ్బాలోంచి కావలసినంత వంపి ఇచ్చాడు. రసీదు ఆయన ఇవ్వలేదు, నేను అడగలేదు. మందు పేరేమిటో కూడా అడగలేదు. ఈ మందును వేరొక పాత్రలోకి మార్చరాదు అనే వాక్యాన్ని భూతద్దం కింద ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు, ఒకసారి అందులో దీర్ఘం తప్పు పడితే కంపెనీ వాళ్ళ కాగితం మొత్తం వెనక్కి పంపించిన దాన్ని. అలాంటి నేను ఆ నీళ్ళ సీసాను మధ్యాహ్నం తిన్న టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని బస్సెక్కాను. నా తెలివి అంతలా తెల్లారింది.

ఆదివారం పొద్దున మా ఆయన రెయిన్‌కోటు వేసుకుని, ఆయన హెల్మెట్ పెట్టుకుని, కరోనా నాటి మాస్కు కట్టుకుని, పూలకుండీలకు నీళ్ళు చల్లే పంపు పట్టుకుని మెట్లు దిగాను. పక్క డాబాల మీద బట్టలారేసుకునే వాళ్ళు పని ఆపి చూశారు. మా ఆయన మేడ మీద నుంచి, చంద్రుడి మీదకు ఎప్పుడు బయల్దేరుతున్నావని అడిగాడు. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. కొట్టం గుమ్మం దగ్గర నిలబడి నా చేతిలో సీసా వైపు చూసింది.

"గిది బర్రెలకేం గాదు గదా బిడ్డా? సూడిది ఉన్నది."

"ఏం కాదు పెద్దమ్మా, ఫికర్ చేయకండి. గవర్నమెంటు అన్నీ చూశాకే అమ్మనిస్తుంది. నా చేతి మీదుగానే కదా వెళ్ళేది" అన్నాను.

హెల్మెట్‌లోంచి నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది. ఆవిడ సరేనని తలూపి లోపలికి వెళ్ళింది. పశువుల్ని ఆ చోటికి పోనివ్వకండి, ఇన్ని రోజులు ఆ గడ్డి కోయకండి అని చెప్పాలి. అది లేబుల్ మీద ఉంటుంది. ఎక్కడ ఉంటుందో, ఎన్నో పంక్తిలో ఉంటుందో నాకు తెలుసు. అది చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. ఎంత కలపాలో తెలియక చేతికొచ్చినంత కలిపి, దేవిడీ అంతా చల్లి, పైకి వెళ్ళి స్నానం చేసి పెసరట్లు వేసుకుని తిన్నాను.

ఆ మందు వెంటనే ఏమీ కనిపించనివ్వదు. మూడు రోజులైనా గడ్డి పచ్చగానే ఉంది. ఇంత మందు కొట్టినా ఏం కాలేదేమిటని మా ఆయన వెక్కిరించాడు. నేను కూడా దుకాణం వాడు నీళ్ళు కలిపాడేమోనని తిట్టుకున్నాను. మంగళవారం పైన ఎక్కడో గట్టి వానలు పడి మూసీ పొంగింది. గడ్డి ఆటో రాలేదు. బుధవారం కూడా రాలేదు. ఆ రోజు నేను ఆఫీసులో ఉన్నాను. కాబట్టి జరిగింది తర్వాత విన్నదే. గడ్డి లేక బర్రెలు అరుస్తుంటే పెద్దమ్మ కొడవలి తీసుకుని దేవిడీలోకి వెళ్ళిందట. మీది వాటా ఆంటీ దాని మీద మందు కొట్టింది, వద్దు అత్తమ్మా అని కోడలు అన్నదట. ఏం గాదని ఆమెనే చెప్పిందని పెద్దమ్మ కోసుకొచ్చి, మెత్తటిదంతా ఏరి చూడి బర్రెకు వేసింది.

గురువారం అది మేత ముట్టలేదు. నోటి వెంట సొంగ కారుతూనే ఉంది. శుక్రవారం పశువుల డాక్టరు వచ్చి సూదులు వేశాడు. శనివారం పొద్దున అది ఈసుకుపోయింది. నెలలు నిండని దూడ చచ్చి బయటపడింది. కింద నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. ఏడుపు కాదు, ఆ బర్రెను పేరు పెట్టి మెల్లగా పిలుస్తోంది. నేను వంటింటి కిటికీలోంచి తొంగి చూశాను. అక్కడి నుంచి దేవిడీ కూడా కనిపిస్తుంది. అందులో గడ్డి అప్పుడే పసుపు తిరగడం మొదలైంది. గోడ పక్కన మాత్రం చాప పరిచినంత మేర, కొడవలితో నున్నగా కోసి ఉంది.

 అక్కడే గట్టు పట్టుకుని నిలబడ్డాను.

దిగి వెళ్ళి చెప్పేశానా? లేదు. నేనెవరిని, కొర్రీల మేడమ్‌ని. ఆ గడ్డే తిన్నదని రుజువేమిటి. తిన్నా ఎంత తిన్నది. అదే కారణమని ఎవరు తేల్చారు. డాక్టరు కూడా అలా అనలేదు. లోపల ఏదైనా జబ్బు కావచ్చు, తడి బండల మీద జారి ఉండవచ్చు, మేత తేడా కావచ్చు, పరీక్షకు పంపి ఉంటే తెలిసేది, ఇప్పుడేం చెప్పలేం అన్నాడు. ఆ చెప్పలేం అనే మాట నాకు ఎంత హాయిగా వినిపించిందో రాయడానికి సిగ్గేస్తోంది. చచ్చిన దూడ మీద కూడా నేను నా మనసులో వరసగా కొర్రీలు వేసుకుంటూ పోయాను.

మా ఆయనకు చెబితే, ఆయన కోర్టు మనిషి కాబట్టి, సాక్ష్యం లేదు, ఊరుకో అన్నాడు. రెండు రోజులు ఊరుకున్నాను. ఊరుకోవడం అంత సులువైతే ఇంకా ఊరుకునేదాన్నేమో.

మూడో రోజు నుంచి కింద లొల్లి మొదలై రోజూ నడిచింది. పెద్దమ్మకు ఎవరో ఒకరి మీద కోపం తీరాలి. నానబెట్టిన గానుగ చెక్క ఎక్కువ పెట్టి ఉంటావని కోడలిని అన్నది. కొట్టం కడిగి బండల మీద నీళ్ళు వదిలేశావని అన్నది. నీ చెయ్యే మంచిది కాదని, నువ్వొచ్చిన కాడి నుంచి ఈ కొట్టంలో ఒక్క దూడ నిలవలేదని అన్నది. ఆ మాట నేను శుక్రవారం పొద్దున మెట్లు దిగుతూ విన్నాను. కోడలికి పెళ్ళయి నాలుగేళ్ళు, పిల్లల్లేరు. దూడ మాట దూడతో ఆగేది కాదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ పిల్ల ఒక్కసారి, చాలా మెల్లగా, దేవిడీ గడ్డి అన్నది.

"మీది మేడం ఏం గాదని జెప్పింది. గవర్నమెంటుల మందులు పాస్ జేసే మనిషి. ఆమె కన్న ఎక్కువ జదివినవా నువ్వు?"

మెట్ల మీద నేను ఆగిపోయాను. తలెత్తి కోడలు నన్ను చూసింది. చెబుతానేమోనని ఒక్క క్షణం చూసి, మళ్ళీ పేడ ఎత్తడంలో పడింది. నేను బస్సుకు టైమైపోతోందని గబగబా వెళ్ళిపోయాను. నిజానికి ఆ రోజు బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను.

ఆఫీసుకు వెళితే అక్కడా అదే. కలుపు మందుల పరిశీలన కోసం ఢిల్లీ అడిగిన సమాచారానికి ఆ వారమే గడువు. జిల్లాల నుంచి నిల్‌లు వచ్చి బల్ల మీద బొత్తిగా పడి ఉన్నాయి. అన్నీ నీట్‌గా, తేదీలతో, హోదాలతో ఉన్నాయి. ఒక్క కొర్రీ కూడా వేయలేకపోయాను. వాటిని ఒక్కొక్కటే తిరగేస్తుంటే, ప్రతి నిల్ కిందా ఎవరి కొట్టం ఉందో, మెట్ల మీద నాలాంటి మహాతల్లి ఎవరు నిలబడి ఉందో అని ఒక దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. భోజనాల వేళ అందరూ వెళ్ళాక, ఖాళీ ఫారం ఒకటి తీసి నా చేత్తో నింపడం మొదలుపెట్టాను.

మందు పేరు. తెలియదు. బ్యాచ్ నంబరు. తెలియదు. రసీదు. లేదు. మోతాదు. చేతికొచ్చినంత. పంట. లేదు. రైతు పేరు. రైతు లేడు. డాక్టరు సర్టిఫికెట్. లేదు. నిండుగా నింపగలిగిన గడి ఒక్కటే, మందు కొట్టినవారి పేరు, హోదా. అది మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. మండలంలో ఏ అమ్మో అయ్యో ఈ ఫారం చేతిలో పెట్టుకుని ఎలా కూర్చుని ఉంటారో, ఎందుకు మడిచి బొడ్లో దోపుకుని లేచి వెళ్ళిపోయి ఉంటారో, ఇన్నేళ్ళకు నాకు ఆ కుర్చీలోనే తెలిసింది.

దాన్ని పట్టుకుని జాయింట్ డైరెక్టర్ గారి గదికి వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. చదివి, కళ్ళద్దాలు తీసి, బర్రె ఎలా ఉందని కూడా అడిగారు. తర్వాత, ఇది ఏ కేటగిరీ కిందకూ రాదు మేడమ్ అన్నారు. పంట లేదు, పొలం కాదు, మందేదో తెలియదు. ఏ మందు మీద పరిశీలనలో దీన్ని చూపిస్తాం అన్నారు. సొరుగులోంచి ఒక సర్క్యులర్ తీసి నా ముందు పెట్టారు. వివరాలు అసంపూర్ణంగా ఉన్న నివేదికలను స్వీకరించరాదు. నేను రాసిందే. వాక్యం చాలా చక్కగా ఉంది.

"మీరు పెట్టిన రూలే కదా మేడమ్" అన్నారు, ఎగతాళిగా కాదు, నన్ను ఓదారుస్తున్నట్టుగా.

నా సీటుకు వచ్చి కూర్చున్నాను. ఏం చేశానో చెబితే నవ్వుతారు. నేను నింపిన ఫారం మీద, వివరములు లేనందున వాపసు చేయడమైనది అని ఎర్ర సిరాతో నేనే కొర్రీ వేసి, నాకే వాపసు చేసుకుని, బ్యాగులో పెట్టుకున్నాను. పట్టిక పూర్తి చేశాను. కిందా పైనా అన్నీ నిల్. సంతకం పెట్టి, కింద హోదా రాసి, ఢిల్లీకి పంపించాను.  అలవాటైన సంతకం, ఎప్పటిలాగే పడింది.

ఆ సాయంత్రం బస్సు దిగి, ఇక చెప్పేయాలి అనుకుంటూ నడిచాను. మందు కొట్టి అప్పటికి పన్నెండు రోజులు. పెద్దమ్మ కొట్టం బయట తొట్టిలో చెక్క నానబెట్టి పిసుకుతోంది. కోడలు అరుగు ఊడుస్తోంది. ఆ పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి. పుట్టింటికి పోతానన్నదని పొద్దున్నే మా ఆయన చెప్పాడు. మీతో మాట్లాడాలి పెద్దమ్మా అన్నాను. మాట్లాడు బిడ్డా అని పీట తోసింది.

కూర్చుని మొదలుపెట్టాను. మెల్లగా, ఆవిడకు అర్థమయ్యేట్టు, అన్నీ వరసగా చెప్పాలనుకున్నాను. ఢిల్లీలో కమిటీ ఎలా వేస్తారో చెప్పాను. ఎలుకల సంగతీ చేపల సంగతీ చెప్పాను. లేబుల్ మీద అక్షరాలు ఎంత చిన్నగా ఉంటాయో వేళ్ళతో చూపించాను. దుకాణం ఆయన నీళ్ళ సీసాలో పోసిచ్చిన సంగతి, మూసీ పొంగిన సంగతి, డాక్టరు పరీక్షకు పంపని సంగతి చెప్పాను. ఆ గడ్డి వల్లే అయి ఉండొచ్చని, కోడలు చెప్పింది నిజమే అయి ఉండొచ్చని అన్నాను. ఫారం నింపానని, సార్ దగ్గరకు తీసుకువెళ్ళానని, రూలు ఒప్పుకోలేదని చెప్పాను. ఆ రూలు ఎవరిదో మాత్రం చెప్పలేదు. అరగంట పట్టింది. ఆవిడ తొట్టిలో చేతులు అలాగే ఉంచి విన్నది.  చివరికి, గవర్నమెంటు పరిశీలన పద్ధతే అలా ఉంది పెద్దమ్మా, మందు మంచిదని గవర్నమెంటు అంటే నేనూ నమ్మాను అన్నాను.

ఆవిడ చేతులు బయటికి తీసి, కొంగుకు తుడుచుకుంది.

"గవర్నమెంటును నేనెన్నడన్న అడిగిన్నా బిడ్డా? గవర్నమెంటు ఎవలో నాకేమెరుక. నిన్నడిగిన. నువ్వు ఏం గాదంటివి."

కోపంగా అనలేదు. అని ఉంటే నేను కూడా ఏదో ఒకటి అని ఉండేదాన్ని, నా నోరు నాకు తెలుసు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. 

ఆవిడ నా వైపు చూడటం ఆపి కోడలిని పిలిచింది.

"ఇటు రాయే. ఆ గడ్డి కొయ్యొద్దని నువ్వు జెప్పినవు, నేను ఇనలే. పైంగ నిన్నే అంటి, అనరానియన్నీ అంటి. తప్పు నాదే. మనసుల వెట్టుకోకు."

కోడలు చీపురు పట్టుకునే నిలబడి, పైట చెంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ ఆ పిల్ల తల మీద తడి చెయ్యి ఒకసారి వేసి, చెక్క నీళ్ళ బకెట్ ఎత్తుకుని బర్రె దగ్గరకు లోపలికి వెళ్ళిపోయింది. ఆ నాలుగు మాటలకు ఆవిడకు నిమిషం కూడా పట్టలేదు. నేను అరగంట మాట్లాడాను. అంతసేపట్లో తప్పు నాదే అన్న ముక్క ఎక్కడా లేదు.

అప్పుడు అన్నాను. తప్పు నాదేనమ్మా అని, పీట మీద నుంచి లేవకుండానే అన్నాను. వినడానికి అక్కడ కోడలొక్కతే ఉంది.

"నాకెందుకు చెప్తున్నరు ఆంటీ" అన్నది. "అత్తమ్మకు చెప్పున్రి. లోపలున్నది."

చెప్పులు విప్పి లేచాను. తలుపు దగ్గర తల వంచుకుని కొట్టంలోకి వెళ్ళాను. ఆ ఇంటి పాలు తాగుతూ పదిహేడేళ్ళున్న దాన్ని, ఆ గడప దాటడం అదే మొదటిసారి.